తొవ్వ బందైనంక ఇంటికి మర్లుడెట్ల?

2020 మార్చిల ఫ్రాన్స్ దేశపోళ్లు ఒక కుటుంబం మన దేశంలకొచ్చిన్రు. మొగుడు, పెండ్లాం, ముగ్గురు పిల్లలు. బండి మీద దేశాలు దిరుక్కుంట, పాకిస్తాన్ దాటి, వాఘా కాడ ఇటు అడుగు పెట్టిన్రు. ఆ బండి మనం సూశే జీపో కారో గాదు. అండ్లనే పండుకునుడు, అండ్లనే వండుకునుడు. మోటార్‌హోమ్ అంటరు దాన్ని, చక్రాలున్న ఇల్లన్నట్టు. నేపాల్ పోదామని ఉత్తరప్రదేశ్‌ల మహారాజ్‌గంజ్ జిల్లా దాంక పోయిన్రు. ఆడికి వొయ్యేసరికి కరోనా అని సరిహద్దు బంద్. ముందటికి పోరాదు, ఎన్కకు మర్లరాదు. ఒక ఊర్ల శివాలయం కాడ బండి ఆపుకోని నెలల కొద్ది ఆన్నే ఉన్నరు. ఊరోళ్లు పాలు, కూరగాయలు తెచ్చిచ్చి అర్సుకున్నరు.

అదే ఏడు ఏప్రిల్ల మన పక్కన్నే బోధన్ల జరిగిన ముచ్చట గూడ మీకు యాదికుంటది. ఒక సర్కారు బడి టీచరమ్మ కొడుకు, నెల్లూరు దిక్కు దోస్తు ఇంటికి పోయి లాక్‌డౌన్ల ఇరుక్కున్నడు. బస్సుల్లేవు, రైళ్లు లేవు. ఆమె ఏప్రిల్ 6 పొద్దుగాల స్కూటీ తీసింది. పోవుడు, రావుడు కలిపి 1400 కిలోమీటర్లు. 8 నాడు సాయంత్రానికి కొడుకును ఎన్క కూసోవెట్టుకోని ఇల్లు జేరింది. తొవ్వల తినెతందుకు రొట్టెలు గట్టుకోని పోయింది.

ఆమె ధైర్యం గురించి దేశమంత రాశిన్రు, రాయాల్సిందే. గని నాకు అండ్ల ఇంకోటి గూడ కండ్లవడ్డది. ఆమె స్కూటీ కిక్కు గొట్టకముందే బోధన్ ఏసీపీ కాడ ఒక కాయిదం రాయిచ్చుకున్నది. తొవ్వల పోలీసోళ్లు ఎక్కడ ఆపినా ఆ కాయిదమే జూపిచ్చింది. ఇల్లంత బండి ఉన్నోళ్లు గుడి కాడ ఆగిపోయిన్రు. స్కూటీ ఉన్నామె ఇల్లు జేరింది. తొవ్వలు బందైనప్పుడు బండి ఎంత పెద్దదని ఎవలూ సూడరు, చేతుల ఏ కాయిదమున్నదని సూస్తరు.

బాన్సువాడ, బీర్కూర్, పిట్లం, బిచ్కుంద దిక్కు పిలగాండ్లు ఇది సదవాలని రాస్తున్న. మన దిక్కు సౌదీ పోయినా, ఖతర్ పోయినా, మస్కట్ పోయినా "దుబాయ్ పోయిండు" అనే అంటం. పోవుడెట్లనో అందరికి ఎర్కనే. ఏజెంట్ జెప్తడు, పోయొచ్చిన బావ జెప్తడు, యూట్యూబ్ జెప్తది. మర్లుడెట్లనో ఎవలూ జెప్పరు. అండ్ల గూడ, పని ఒడువకముందే, రెండేండ్లు నిండకముందే, లడాయి వచ్చో రోగమొచ్చో విమానాలు బందైతయన్నప్పుడు మర్లుడెట్ల? అది అస్సలే జెప్పరు.

ముందుగాల మర్లేది ఎవలు?

యూరప్ దేశాలల్ల ముసలోళ్లు, పింఛన్ తీస్కునేటోళ్లు, చలికాలం రాంగనే గీ మోటార్‌హోములు ఏస్కోని ఓడల మీద మొరాకో దేశం పోతరు. ఆడ ఎండ ఉంటది, ఖర్చు తక్కువుంటది. వేల మంది పోతరు. 2020 మార్చి 13 నాడు మొరాకో సర్కారు స్పెయిన్, ఫ్రాన్స్ దేశాలకు విమానాలు, ఓడలు బంద్ వెట్టింది. దానికి వారం ముందుగాల "ఎందుకైనా మంచిది, పోదాం పా" అనుకున్నోళ్లు ఓడెక్కి, స్పెయిన్ మీదికెల్లి నడుపుకుంట ఇండ్లకు వోయిన్రు. "సూద్దాం తియ్" అనుకున్నోళ్లు ఓడరేవుల కాడ, సరిహద్దు కాడ బండ్ల లైన్లల్ల నిలవడ్డరు. మార్చి 14కు స్పెయిన్ల అత్యవసర పరిస్థితి పెట్టిన్రు, 17కు ఫ్రాన్స్‌ల లాక్‌డౌన్. దేశం ఎన్క దేశం తలుపేసుకుంట వోయింది.

గట్ల ముందుగాల మర్లినోళ్లకు ఏం నష్టమైంది? ఒక నెల ఎండ పోయింది, ఓడ టికెట్ పోయింది. అంతే. ఇంటికి పోతే పింఛన్ నెలనెల పడ్తనే ఉంటది.

ఇగ మన పిలగాడి లెక్క సూడుండ్రి. వీసాకని లక్షన్నర అప్పు దెచ్చిండనుకుందాం, నూటికి మూడు రూపాల మిత్తి. నెలకు 4500 మిత్తికే పోతది. పోయి ఆరు నెలలైంది, అసలుల రూపాయి తెగలే. ఇగ ఆ దేశంల ఏదో గడబిడ షురూ అయింది. వానికి తెల్వదా మర్లాలని? తెలుసు. టీవీ వాడు గూడ సూస్తడు. గని మర్లితే ఊర్ల అప్పులోడు గుమ్మంల కూసుంటడు. అందుకే ఆగుతడు. అవతలోళ్లు టీవీల సూశి "ఎంబసీ మొదలే జెప్పింది గద, ఎందుకు రాలే" అంటరు. ఈ మాట నాకు ఒళ్లు మండిస్తది.

యుక్రెయిన్ల గూడ గిదే అయింది. 2022 ఫిబ్రవరి 15 నాడే మన ఎంబసీ "అవసరం లేనోళ్లు, ముఖ్యంగ విద్యార్థులు, వాపస్ పోండ్రి" అని జెప్పింది. లడాయి షురూ అయింది 24 నాడు. నడిమిట్ల తొమ్మిది దినాలు. డాక్టర్ సదువు కోసం పొలమమ్మి పంపిన ఇండ్లల్ల పిలగాండ్లు, కాలేజీ హాజరు పోతదేమోనని, టికెట్ ధరలు మండుతున్నయని ఆగిన్రు. ఆఖరికి బాంబులు పడంగ రైళ్లెక్కి, బస్సులెక్కి, కొంత దూరం నడిశి పోలండ్, రుమేనియా, హంగరీ సరిహద్దులకు వోయిన్రు. ఆపరేషన్ గంగ అని పేరువెట్టి దగ్గర దగ్గర 22,500 మందిని దేశానికి దెచ్చిన్రు. తెచ్చింది మంచిదే. గని తొమ్మిది దినాల ముందుగాల సగం ధరకు టికెట్ ఇచ్చుంటె ఆ పిలగాండ్లల్ల ఎందరు రాకపోదురు?

కువైట్ నుంచి అమ్మాన్ దాంక

మన దేశపోళ్లు లడాయి నడుమ తొవ్వవట్టి బయటవడ్డ కతలల్ల పెద్దది కువైట్ కత. 1990 ఆగస్టు 2 నాడు ఇరాక్ ఫౌజు కువైట్లకొచ్చింది. అప్పుడు ఆడ మనోళ్లు లక్షన్నరకు మీదనే. కేరళోళ్లు ఎక్కువ, మన తెలుగోళ్లు గూడ మస్తు మంది. విమానాశ్రయం బంద్. సముద్రం బంద్. మిగిలింది ఒక్కటే తొవ్వ: కువైట్ నుంచి బస్రా, బస్రా నుంచి బగ్దాద్, ఆడికెల్లి ఎడారి దాటి జోర్డాన్ సరిహద్దు, ఆఖర్ల అమ్మాన్. దగ్గర దగ్గర 1500 కిలోమీటర్లు. ఆగస్టు ఎండ.

కార్లున్నోళ్లు సామాను మీదికెక్కించుకోని బయలెల్లిన్రు. లేనోళ్లు బస్సులు కిరాయి మాట్లాడుకున్నరు. ఇరాక్, జోర్డాన్ నడిమిట్ల ఎవనిదీ గాని జాగల డేరాలేసి వేలమందిని ఆపిన్రు. నీళ్లకు లైను, రొట్టెకు లైను. అమ్మాన్ జేరినంక ఎయిర్ ఇండియా విమానాలు. ఆగస్టు 13 నుంచి అక్టోబర్ 11 దాంక 488 విమానాలు తిరిగినయి, లక్షకు మీద మందిని తెచ్చినయి. పౌరులను విమానాల మీద గింత పెద్ద ఎత్తున తరలించింది లోకంల ఇంకోటి లేదంటరు. 2016ల 'ఎయిర్‌లిఫ్ట్' సిన్మా వచ్చింది గద, అండ్ల ఒక్క హీరో అందర్ని తెస్తడు. సిన్మా కత సిన్మాదే. నిజంల పనిజేసింది ఎంబసీ గుమాస్తాలు, ఆడి మన సంఘాలోళ్లు, ఎయిర్ ఇండియా పైలట్లు, సిబ్బంది. అప్పుడు ఎయిర్ ఇండియా సర్కారుది. ఆ సంగతి గూడ మతిల ఉంచుకోవాలె.

ఈ కతల నాకు ముఖ్యమనిపిచ్చేది మూడు. ఒకటి పైసలు. బీరువల కువైట్ దినార్లు దాసుకున్నోళ్లు శానమంది ఉండిరి. ఇరాకోళ్లు రాంగనే ఆ దినార్ విలువ వడిపోయింది, తర్వాత ఆ నోట్లే బంద్ వెట్టిన్రు. లోకంల అన్నిటికన్న విలువైన నోటు, నెలల్లనే సిత్తు కాయిదమైంది. నెలనెల ఇంటికి పంపినోని పైసలు ఇంట్ల ఉన్నయి, కుప్పవెట్టుకున్నోనియి ఆన్నే పోయినయి.

రెండు పాస్‌పోర్టు. శానమందివి కఫీల్ల కాడ ఉండె. కఫీలు యాడికో పారిపోయిండు, పాస్‌పోర్టు వాని బీరువల. ఎంబసీ కాడ లైను గట్టి బదులు కాయిదాలు రాయిచ్చుకుంటె గని సరిహద్దు దాటరాలే.

మూడోది మనోళ్లల్ల శానమందికి తెల్వని ముచ్చట. లడాయి అయిపోయినంక, 1991ల ఐక్యరాజ్యసమితి ఒక నష్టపరిహార కమిషన్ పెట్టింది. ఇరాక్ చమురు అమ్మిన పైసలల్లకెల్లి కోసి, నష్టపోయినోళ్లకు ఇయ్యాలని. అండ్ల 'ఏ' కేటగిరీ అంటె ఒక్కటే ముచ్చట: 1990 ఆగస్టు 2 నుంచి 1991 మార్చి 2 నడుమ కువైట్ నుంచి గని ఇరాక్ నుంచి గని ఎల్లిపోవాల్సొచ్చినోళ్లు. ఏం పోయిందో లెక్క జెప్పనక్కరలేదు, ఎల్లొచ్చినట్టు రుజువు జూపిస్తె సాలు. ఒక్కనికి 2500 డాలర్లు, కుటుంబానికి 5000. వేరే కేటగిరీల ఇంకేం అడగం అని రాసిస్తె 4000, 8000. లోకం మీద 8 లక్షలకు మీద మందికి ఈ పైసలు అందినయి, అండ్ల మన దేశపోళ్లు గూడ మస్తు మంది. అప్పటి 4000 డాలర్లంటె మన దిక్కు ఇల్లు గట్టుకునే పైసలు. చేతుల ఏం లేకుంట వొచ్చినా, పాస్‌పోర్టు మీద ముద్ర, టికెట్ ముక్క, అకామా జిరాక్స్, ఏదో ఒకటి దాసుకున్నోళ్లకు దారి దొరికింది. "పీడ వోయింది" అని పారేసినోళ్ల కత వేరే.

మూడు దినాల లెక్క

ఇగ 2020కి వద్దాం. మార్చి 19 నాడు మన కేంద్రం ఒక మాట జెప్పింది: 22 నుంచి బయటి దేశాల విమానాలు దిగనియ్యం. నడిమిట్ల మూడు దినాలు.

దమ్మామ్ల ఒక కంపెనీ క్యాంపుల ఉన్న మన బాన్సువాడ పిలగాడు ఆ వార్త ఫోన్ల సూశిండనుకో. వాడు ఇంటికి రావాలంటె ఏమేం గావాలె? ముందుగాల ఫోర్‌మన్ను అడగాలె. ఫోర్‌మన్ క్యాంప్ బాస్‌కు జెప్పాలె. కంపెనీ ఆఫీసుల ఎగ్జిట్ వెయ్యాలె. మళ్ల వస్తనంటె రీ-ఎంట్రీ, రానంటె ఖురూజ్ నిహాయి, అంటె ఆఖరి ఎగ్జిట్. పాస్‌పోర్టు కంపెనీ కాడ ఉంటె అది తీస్కోవాలె. ఆగిన జీతం అడగాలె, వాళ్లు "వచ్చే నెల" అంటరు. టికెట్ కొనాలె, ఆ మూడు దినాలల్ల టికెట్ ధర ఆకాశంల ఉంటది. గివన్ని అయ్యేతందుకు మామూలు దినాలల్లనే నెల వడ్తది. మూడు దినాలల్ల ఎవడొస్తడు? అవతల సొంత పైసలతోని పోయిన టూరిస్టు రావచ్చు. కూలోడు రాడు.

తలుపు మళ్ల జరంత తెరిశింది మే 7 నాడు, వందే భారత్ అని పేరువెట్టి. మే 9 నాడు కువైట్ నుంచి హైదరాబాద్‌కు మొదటి విమానం దిగింది. టికెట్ పైసలు ఎక్కినోళ్లే పెట్టుకోవాలె. 1990ల కువైట్ నుంచొచ్చిన కూలోళ్లను ఎవలూ టికెట్ పైసలడగలే. ముప్పై ఏండ్లల్ల దేశం ధనవంతమైంది, కూలోనికి టికెట్ మాత్రం బరువైంది.

అదే ఏప్రిల్ల కువైట్ సర్కారు ఒక ఆమ్నెస్టీ పెట్టింది. అకామా లేనోళ్లు, మన భాషల ఖల్లివల్లిగ ఉన్నోళ్లు, జుర్మానా కట్టకుంట పోవచ్చు, టికెట్ గూడ మేమే ఇస్తం అన్నది. మనోళ్లు వేలమంది పేర్లు రాయించుకున్నరు, సామాను సదురుకున్నరు, వాళ్లు పెట్టిన క్యాంపులల్లకు వోయిన్రు. అవతలోడు ఉత్తగ పంపుతనంటున్నడు, ఇవతల మన తలుపులు తెర్సుకోలే. ఆ క్యాంపులల్ల రంజాన్ ఉపాసాలు ఉన్నరు, ఎండలకు ఓర్సుకున్నరు, ఎదురుసూసిన్రు. పరాయి దేశంల ఇరుక్కునుడంటె పరాయోడే ఆపుడని అనుకుంటం. కొన్నిసార్లు ఆపేది ఇంటోళ్లే.

ఇంకో దెబ్బ. గా ఆగమాగంల వాపస్ వొచ్చినోళ్లకు నెలల జీతాలు, సర్వీసు పైసలు ఆన్నే మిగిలిపోయినయి. "ఇంద టికెట్, ఇండ్ల దస్కత్ వెట్టు" అన్నరు. అరబ్బీల ఏం రాశుందో ఎవలికెర్క? "అన్నీ ముట్టినయి" అని రాశుంటది. 2020 జూన్ల వలస కార్మికుల సంఘాలు చాన దేశాలల్ల దీన్ని జీతాల దొంగతనం అని పేరువెట్టి కొట్లాడినయి. వచ్చినంక ఈడికెల్లి ఆ పైసలు రావట్టుడు ఎంత కష్టమో, ఫైళ్లు సంకల వెట్టుకోని తిరుగుతున్నోన్ని, నాకెర్క.

ఎవల చేతుల తలుపు చెవి ఉన్నది

దేశం దేశానికి కాయిదా వేరే. ఏజెంట్లు గివి జెప్పరు కావట్టి నేను జెప్తున్న.

ఖతర్ల ఇంతకుముందు కఫీల్ ఒప్పుకుంటె గని దేశం దాటరాకపోతుండె. 2018ల ఎక్కువమందికి ఆ ఎగ్జిట్ పర్మిట్ తీసేసిన్రు, 2020 జనవరిల ఇండ్లల్ల పనిజేసేటోళ్లకు గూడ తీసేసిన్రు. వాళ్లు మూడు దినాల ముందుగాల యజమానికి జెప్తె సాలు. సౌదీల 2021 మార్చి 14 నుంచి ప్రైవేటు కంపెనీలల్ల ఉన్నోళ్లు అబ్షర్ అనే సర్కారు యాప్‌ల సొంతంగ ఎగ్జిట్ అడగవచ్చు. గని ఇండ్లల్ల డ్రైవర్లు, ఇంటిపని జేసేటోళ్లు, వాచ్‌మన్లు, తోట పని, గొర్లు ఒంటెలు కాసేటోళ్లు ఆ కాయిదా కిందికి రారు. మన దిక్కు నుంచి పోయేటోళ్లల్ల గా పనులకు పోయేటోళ్లే తక్కువ లేరు. వీసా మీద ఏం పని అని రాశుందో గందుకే సూడాలె. "ఆడికి వొయినంక మారుస్తరు" అంటె నమ్మొద్దు.

కువైట్ ఎన్కకు నడిశింది. 2025 జులై 1 నుంచి ప్రైవేటు కంపెనీల పనిజేసే బయటి దేశపోళ్లు, దేశం దాటాలంటె యజమాని ఒప్పుకున్న ఎగ్జిట్ పర్మిట్ కావాలె. దానికి పదిహేను దినాల ముందుగాలనే ఇరాన్, ఇజ్రాయెల్ లడాయి నడుస్తుండె. జూన్ 23 రాత్రి ఖతర్ల అమెరికా ఫౌజు ఉన్న జాగ మీద ఇరాన్ క్షిపణులేసింది, ఖతర్, కువైట్, బహ్రెయిన్, దుబాయ్ దిక్కు ఆకాశం కొన్ని గంటలు బందైంది. ఆ రాత్రి మన ఇండ్లల్ల ఎందరు నిద్రపోలేదో! ఇరాన్ల సదువుకునే మన పిలగాండ్లను గూడ అదే నెల్ల ముందుగాల రోడ్డు మీదనే తెచ్చిన్రు: 110 మందిని బస్సులల్ల ఆర్మేనియా సరిహద్దు దాటించి, ఆడికెల్లి ఢిల్లీకి. ఆపరేషన్ సింధు అన్నరు. ఆకాశం బందైతె మళ్ల నేల మీది తొవ్వనే దిక్కు, 1990ల లెక్కనే.

దుబాయ్, అబుదాబి దిక్కు ఎగ్జిట్ పర్మిట్ లేదు. గని వీసా దాటినంక ఉంటె దినదినం జుర్మానా పెరుగుతది. బ్యాంకు లోన్ ఎగవెడితె, చెక్ కేసుంటె, ఎయిర్‌పోర్టు కాడ ఆపుతరు. 2024 సెప్టెంబర్ 1 నుంచి డిసెంబర్ 31 దాంక అక్కడి సర్కారు ఆమ్నెస్టీ ఇచ్చి జుర్మానాలు మాఫ్ చేసింది. గట్లాంటిది వచ్చినప్పుడు ఆఖరి వారం దాంక ఆగొద్దు. ఆఖరి వారంల అందరొస్తరు.

పాస్‌పోర్టు పోయినా, కఫీల్ ఇయ్యకపోయినా ఎంబసీ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తది, మనోళ్లు ఔట్‌పాస్ అంటరు. అది ఇంటికి ఒక్కసారి మర్లెతందుకే. టికెట్‌కు గూడ గతి లేకుంటె ఎంబసీ కాడ భారతీయ సమాజ సంక్షేమ నిధి అని ఒకటున్నది, 2009ల పెట్టిన్రు. మనం పాస్‌పోర్టు పనులకు ఎంబసీల కట్టే ఫీజులల్లకెల్లి జమయ్యే పైసలు అవి. మన పైసలే. అడుగెతందుకు సిగ్గువడొద్దు. నోటి మాట గాదు, దరఖాస్తు రాసియ్యాలె, నకలు మీద ముద్ర ఏయించుకోవాలె. మదద్ అనే పోర్టల్ల ఇంటికాడ ఉన్నోళ్లు గూడ ఫిర్యాదు రాయవచ్చు. ఢిల్లీల ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉన్నది, 1800 11 3090కి ఇంటికాడికెల్లి ఫోన్ జేస్తె పైసలు పడవు.

ఇంకో మర్మం. పదో తరగతి పాస్ కానోళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ అంటరు. వాళ్లు గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకు కొలువుకు పోవాలంటె ఈ-మైగ్రేట్ల అనుమతి, ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. బీమాకు రెండేండ్లకు 275, మూడేండ్లకు 375 రూపాలు. ప్రమాదంల సచ్చినా, శాశ్వతంగ అవిటోడైనా 10 లక్షలు. పనికి పనికిరాడని డాక్టర్ రాసిస్తె మర్లే టికెట్ గూడ కొన్ని షరతుల మీద ఇస్తది. పది పాసైనోళ్లకు ఈ అనుమతి అక్కరలేదు. ఇప్పటి పిలగాండ్లందరు పది పాసే. అంటె సదువుకున్నోని పేరే ఏ లెక్కల ఉండదు. విజిట్ వీసా మీద పోయి కూలి జేసేటోని పేరు అసలే ఉండదు. రేపు ఏదన్న గడబిడైతె, "ఆ దేశంల మనోళ్లు ఎందరున్నరు" అని సర్కారు లెక్క దీస్తె, వాడు ఆ లెక్కల లేడు. పది పాసైనోళ్లు గూడ ఈ-మైగ్రేట్ల సొంతంగ నమోదు చేసుకోవచ్చు. ఆడికి వొయినంక ఎంబసీ కాడ గూడ పేరు రాయించుకోవాలె. లైసెన్స్ ఉన్న ఏజెంట్ 30 వేలు, పైన జీఎస్టీకి మించి తీస్కోవద్దని కాయిదా ఉన్నది. లక్షన్నర అడిగినోడు రశీదు ఇయ్యడు, ఎందుకంటె ఇస్తె దొరుకుతడు. 30 వేలతోని పోయినోనికి ముందుగాల మర్లాలంటె భయం తక్కువుంటది. మొత్తం ముచ్చట ఆన్నే ఉన్నది.

టికెట్ ముచ్చట ఒకటి. 2020 అక్టోబర్ 1 నాడు సుప్రీంకోర్టు, లాక్‌డౌన్ల రద్దైన విమాన టికెట్ల పైసలు వాపస్ ఇయ్యాలని తీర్పు జెప్పింది. ఎంటనే ఇయ్యలేని కంపెనీలు ఆ పైసలు జమ కింద పెట్టి, 2021 మార్చి 31 దాంక వాడకుంటె నగదు ఇయ్యాలన్నది. ట్రావెల్స్ ఆయన తోని కొన్న టికెట్లకు గూడ అది వర్తించింది. ట్రావెల్స్ దుక్నపాయన "రద్దైంది, పైసలు పోయినయి" అంటె ఉత్తగ ఇంటికి రావొద్దని దీని అర్థం. విమానం కంపెనీనే రద్దు చేస్తె మన పైసలు మనవే.

సర్కార్ల గురించి ఒక మాట. 2024ల మన రాష్ట్ర సర్కారు గల్ఫ్‌ల సచ్చిపోయినోళ్ల ఇంటోళ్లకు 5 లక్షలు ఇస్తమని జీవో దెచ్చింది. ఏండ్ల కొట్లాట తర్వాత వచ్చింది, మంచిదే. గని పెట్టెల వొచ్చినోనికి పైసలున్నయి, నడుసుకుంట వొచ్చినోనికి లేవు. లడాయి ముంగట, రోగం ముంగట అప్పు భయంతోని ఆగిపోకుంట వాపస్ వొచ్చిన పిలగానికి, ఆ అప్పు మిత్తి ఆరు నెలలు సర్కారు మోసినా, వాడు ప్రాణం మీదికి తెచ్చుకోడు. కేంద్రం సంగతి సరే సరి. 2020 సెప్టెంబర్ల, వాపస్ వొచ్చినోళ్ల కడుపు మాడుతుంటె, గల్ఫ్ కొలువులకు పెట్టిన కనీస జీతాన్ని 30 నుంచి 50 శాతం తగ్గిచ్చింది. తెలంగాణ హైకోర్టుల కేసు వడ్డది, 2021 జులైల ఆ ఉత్తర్వు ఎన్కకు తీస్కున్నరు. కొట్లాడితె ఎన్కకు తీస్కుంటరని గూడ దీనితోని తెలిసొచ్చింది.

ఇగ ఇంటికాడ చెయ్యాల్సింది. పోయేటోడు ఎయిర్‌పోర్టుకు బయలెల్లకముందే ఒక ప్లాస్టిక్ కవర్ అవ్వకో పెండ్లానికో ఇచ్చి పోవాలె. పాస్‌పోర్టు జిరాక్స్, వీసా జిరాక్స్, ఒప్పంద పత్రం, ఏజెంట్‌కు పైసలిచ్చిన ఫోన్‌పే స్క్రీన్ ఫొటో ప్రింట్, బీమా కాయిదం, ఏజెంట్ పేరు, ఫోన్ నంబర్. ఆడికి వొయినంక అకామా రాంగనే ముందు, ఎన్క రెండు దిక్కుల ఫొటో దీసి పంపాలె, అవి గూడ ప్రింట్ దీసి అండ్ల ఎయ్యాలె. కంపెనీ పేరు అరబ్బీల ఎట్ల రాస్తరో బోర్డు ఫొటో, క్యాంపు ఉన్న జాగ లొకేషన్. జీతం పడ్డ నెలనెల మెసేజ్‌లు. తన టికెట్‌కు సరిపోయే పైసలు ఈడ బ్యాంకుల వేరే పెట్టాలె, ఎంత అక్కర వచ్చినా ముట్టొద్దు. ఫోన్లల్ల ఉన్నయి గద అనొద్దు, ఫోన్ వోతది, పలుగుతది, కఫీల్ గుంజుకుంటడు. కవర్ బియ్యం డబ్బల ఉంటదో, దేవుని అర్రల ఉంటదో, ఇంట్ల ఇద్దరికి ఎర్కుండాలె. ఎవలన్న లీడరో, ఏజెంటో, మాలాంటి సంఘమోళ్లో వచ్చి "ఆ కాయిదాలియ్యి, పని జేసిపెడ్తం" అంటె అసలుయి ఇయ్యొద్దు. బస్టాండ్ కాడికి వోయి జిరాక్స్ దీయించి అవి ఇయ్యాలె.